రెండో ఫొటో

ఆ ఏడు నా ఉద్యోగం జిగురు రాయడం.
కెబెలే ఆఫీసులో ఓ కుంటి బల్ల, మూత పోయిన సీసా,
పచ్చ అట్టల భూమి పుస్తకాల కట్టలు.
తెరిస్తే రెండు గళ్ళు, పక్కపక్కనే,
ఒకే కొలత.
నమ్మలేక స్కేలు పెట్టి కొలిచాను కూడా.

రాజధానిలో ఎవరో గీశారు ఆ గళ్ళు.
ఇక్కడ, గోజ్జాం కొండల మీద,
రెండో గడిలోకి మనిషిని తేవడానికి
మాకు మూడు నెలలు పట్టింది.

ఎడమ గడి సులువే.
మగవాళ్ళు తెల్లారకముందే వచ్చి వరస కట్టారు,
తెల్ల గాబీలు భుజాన సర్దుకుని, కర్రలు గోడకి ఆనించి.
"ఇల్లాలేది?" అంటే
"కాఫీ గింజలు వేయిస్తోంది" అన్నాడొకడు.
"దానికెందుకయ్యా ఫొటో?
నా మొహంలో ఉందిగా దాని మొహం" అన్నాడు ఇంకొకడు.
గుమస్తా చెకోల్ తలెత్తకుండా
"రెండూ అంటితేనే ముద్ర" అన్నాడు.
అంతే. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు.
ఆ రోజు ఆయనకి పన్ను నొప్పి.

అలా వచ్చింది యెషిమెబెత్
కొండ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని.
పదడుగుల వెనక గెబెయెహు,
ఎప్పుడూ ముందు నడిచేవాడు.
తెల్ల దుప్పటి ముందు నిలబెట్టి
"ఇటు చూడమ్మా" అన్నాడు ఫొటోల మనిషి.
చిన్నప్పట్నుంచీ ఆమె విన్నది
కళ్ళు దించు అన్న మాటే.
మూడు ఫిల్ములు పాడయ్యాయి.
నాలుగోసారి చూసింది కెమెరాని,
సంతలో గొర్రె పళ్ళు చూసినట్టు.

ఆ ఫొటో నేనే అంటించాను.
బొటనవేలితో ఒత్తి, పైన రాయి పెట్టి,
రాత్రంతా అలా వదిలేశాను.
మా అమ్మకి ఏ గడీ లేదు.
నాన్న పోయిన వారానికి చిన్నాన్న వచ్చి
గట్టు మీద ఊరికే నిలబడ్డాడు.
మేం దిగిపోయాం.

పచ్చ పుస్తకం నాగలి పట్టదు.
ఎద్దులకి చదువు రాదు.
ఆడది దున్నితే ఊరు ఇప్పటికీ నవ్వుతుంది.
అందుకే మొగుడు పోయిన వర్క్‌నెష్
తన పేరున్న చేనుకి తనే పాలికాపుని పెట్టి
సగం టెఫ్ గింజలు అతనికే కొలిచి ఇస్తుంది.
ఆ సగానికి పుస్తకంలో గడి లేదు.
"వచ్చే ఏడు గీస్తార్లే" అన్నాడు చెకోల్.
ఎన్ని వచ్చే ఏళ్ళు వెళ్ళిపోయాయో.

నాలుగేళ్ళకి, ఓ ముసురు రోజు
గెబెయెహు ఒక పట్నం వ్యాపారితో దిగాడు.
వాగు పక్క చేను, యూకలిప్టస్ తోటకి,
పదిహేనేళ్ళ కౌలు.
వేలిముద్ర వేసేశాడు, సిరా ఇంకా తడి.
నేను పుస్తకం తెరిచాను.
ఎడమ గడిలో అతను.
కుడి గడిలోంచి మా ముగ్గురినీ చూస్తోంది,
ఎవరి పళ్ళు ఎలా ఉన్నాయో తేల్చుకుంటున్నట్టు.
"ఈవిడేది?" అన్నాను.
వ్యాపారి గడియారం చూసుకున్నాడు.
గెబెయెహు చాలాసేపు ఆగి
"అడగలేదు" అన్నాడు,
నాతో కాదు, ఫొటోతో.

మర్నాడు ఆమె వచ్చి బల్ల ముందు కూర్చుంది.
"చెట్లొద్దు. వాగంతా అవే తాగేస్తే
నా దూడలేం తాగాలి?
శనగలు వేసుకో. నాలుగేళ్ళే.
డబ్బు సగం నా చేతికి,
ఇక్కడ, వీళ్ళ ఎదురుగా."
వ్యాపారి మొగుడి వంక చూశాడు.
మొగుడు వాన వంక చూశాడు.
కుంటి బల్ల కింద నేను చెక్క ముక్క తోశాను,
ఆమె సంతకం చెయ్యడం నేర్చుకుని వచ్చింది మరి,
గీత వంకరపోకూడదు.

పోయేముందు పుస్తకం తిప్పి
తన ఫొటో అంచు వేలితో తడిమింది.
చెమ్మకి ఓ మూల లేచింది.
"మళ్ళీ అంటించు" అంది నాతో,
"ఈసారి పెద్ద రాయి పెట్టు."